కైలీ మినోగ్: సీరియల్లో మెకానిక్ పిల్ల నుంచి ‘పడమ్ పడమ్’ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఫోన్లో కైలీ పాట మోగినప్పుడల్లా పక్కనున్నవాళ్లు ఏదో ఒకటి అడుగుతారు. ఎవరీవిడ? హీరోయినా, సింగరా? మన సినిమాలో కూడా పాడిందటగా? అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఆమె పాటలంటే నాకు ప్రాణం. ఆ ఇష్టం ఈ జవాబుల్లో దాచుకోలేదు.

కైలీ మినోగ్ ఎవరు? పేరు ఎక్కడో విన్నట్టుంది.

ఆస్ట్రేలియా గాయని, నటి. 1968 మే 28న మెల్‌బోర్న్‌లో పుట్టింది. నాన్న రాన్ అకౌంటెంట్. అమ్మ క్యారల్ బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం నుంచి వచ్చిన మనిషి, ఒకప్పుడు బ్యాలే డాన్సర్. ముగ్గురు పిల్లల్లో కైలీ పెద్దది. తమ్ముడు బ్రెండన్, చెల్లెలు డానీ.

మేకప్ సామాన్లు అమ్మే అమెరికా అమ్మాయి కైలీ జెన్నర్ వేరు. ఈ ఇద్దరినీ కలిపేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆమె ముందు నటా, గాయనా?

ముందు నటే. పదకొండు పన్నెండేళ్ల వయసులోనే ‘స్కైవేస్’, ‘ది సల్లివన్స్’ అనే సీరియళ్లలో చిన్న వేషాలు వేసింది. 1985లో ‘ది హెండర్సన్ కిడ్స్’లో కాస్త పెద్ద పాత్ర దొరికింది.

అప్పట్లో ఇంట్లో స్టార్ కైలీ కాదు, చెల్లెలు డానీ. పిల్లల పాటల కార్యక్రమం ‘యంగ్ టాలెంట్ టైమ్’లో ప్రతి వారం కనపడే డానీ అంటే ఆస్ట్రేలియా అంతా తెలుసు. 1986లో ఆ కార్యక్రమానికి కైలీ అతిథిగా వెళ్లి చెల్లెలి పక్కన నిలబడి పాడింది. అప్పటికి చూసేవాళ్లకు ఆమె ‘డానీ వాళ్ల అక్క’.

‘నైబర్స్’ అంటే ఏ రకం సీరియల్? అందులో ఆమె పాత్ర అంత పేరు ఎలా తెచ్చుకుంది?

మెల్‌బోర్న్‌లో రామ్సే స్ట్రీట్ అనే ఒక కల్పిత వీధి, ఆ వీధిలో ఉండే కుటుంబాలు, వాళ్ల గొడవలు, ప్రేమలు, పెళ్లిళ్లు. అదే కథ. 1985 మార్చిలో మొదలైంది. మొదట వేసిన చానెల్ కొన్ని నెలలకే ఆపేస్తే 1986లో ఇంకో చానెల్ తీసుకుని నడిపింది. వారానికి ఐదు ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. మన డైలీ సీరియల్ లాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ విలన్ అత్తగారు, మూడుసార్లు తిప్పి చూపించే షాట్లు ఉండవు. పక్కింటి మనుషుల్లాగే మాట్లాడుకుంటారు.

1986లో కైలీ అందులోకి చార్లీన్ అనే అమ్మాయిగా వచ్చింది. మొదట మాట్లాడుకున్నది ఒక్క వారం పనికే. ఆ వారం పదమూడు వారాలైంది, తర్వాత రెండేళ్లయింది. చార్లీన్ తెరమీద అడుగుపెట్టే తీరే బాగుంటుంది. సొంత ఇంట్లోకి కిటికీలోంచి దూరుతుంటే, పక్కింటి స్కాట్ ఎవరో దొంగ అనుకుని పట్టుకుంటాడు. ఆ పిల్ల తిరిగి వాడి మొహం మీద ఒక్కటిస్తుంది. తర్వాత వాడినే ప్రేమిస్తుంది.

చార్లీన్ చదువు మానేసి గ్యారేజీలో మెకానిక్‌గా చేరుతుంది. ఒంటికి డంగరీలు, చేతులకు గ్రీజు, ఉంగరాల జుట్టు. అమ్మ వద్దంటుంది, పిల్ల వినదు. 1986లో టీవీలో ఒక ఆడపిల్ల కారు కిందకి దూరి పని చేయడం, ఎవరికీ తలొంచకపోవడం కుర్రకారుకు తెగ నచ్చేసింది. ఆ పాత్రకున్న గుణం నటిలోనూ ఉందని నాకు అనిపిస్తుంది. మనిషి చూస్తే ఐదడుగులు కూడా బొటాబొటిగా ఉంటుంది, కానీ వెనక్కి తగ్గదు.

1988 లోగీ అవార్డుల వేడుకలో, అంటే ఆస్ట్రేలియా టీవీ రంగంలో అన్నిటికంటే పెద్ద అవార్డుల్లో, ఒకే రాత్రి నాలుగు గెలిచింది. అందులో గోల్డ్ లోగీ కూడా ఉంది. అప్పటికి ఆమె వయసు 19.

స్కాట్, చార్లీన్ పెళ్లి ఎపిసోడ్ గురించి ఇప్పటికీ ఎందుకు మాట్లాడుకుంటారు?

స్కాట్‌గా వేసింది జేసన్ డోనొవన్. వాళ్ల పెళ్లి ఎపిసోడ్ ఆస్ట్రేలియాలో 1987 జులై 1న వచ్చింది. బ్రిటన్‌లో అదే ఎపిసోడ్‌ను 1988 నవంబరు 8న వేస్తే దాదాపు రెండు కోట్ల మంది చూశారు. అప్పుడు ఆ దేశ జనాభా ఆరు కోట్ల లోపే. ముగ్గురిలో ఒకరు టీవీ ముందు కూర్చున్నారన్నమాట.

మరి పాడటం ఎలా మొదలైంది?

ఒక ఫుట్‌బాల్ క్లబ్ పుణ్యాన. మెల్‌బోర్న్‌లో ఫిట్జ్‌రాయ్ అనే జట్టుకు డబ్బు కూడబెట్టడానికి ఒక కార్యక్రమం పెట్టారు. ‘నైబర్స్’ నటులు కొందరు వెళ్లి పాడారు. అక్కడ కైలీ 1962 నాటి ‘ది లోకోమోషన్’ అనే డాన్సు పాట పాడింది. జనం ఊగిపోయారు. ఆ ఊపుతోనే మష్రూమ్ రికార్డ్స్ అనే స్థానిక కంపెనీ ఆమెతో ఒప్పందం కుదుర్చుకుంది. 1987 జులైలో ఆ పాటను సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా, విడుదల చేస్తే ఆస్ట్రేలియాలో ఏడు వారాలు నంబర్ వన్‌గా ఉంది. 1980ల దశాబ్దం మొత్తంలో ఆ దేశంలో అందరికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే.

తేదీలు చూడండి. తెరమీద పెళ్లి, మొదటి పాట, రెండూ అదే నెలలో. పగలు సీరియల్ షూటింగ్, మిగిలిన టైంలో పాటల పని. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు మన పెద్దలు. దాదాపు ఏడాది పాటు ఆమె ఆ రెండు పడవలనూ కలిపే నడిపింది.

‘ఐ షుడ్ బీ సో లక్కీ’ పాటను నలభై నిమిషాల్లో రాశారట, నిజమా?

రాసినవాళ్లే చెప్పిన మాట అది. నాకు ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరని కథ.

1987 చివర్లో కైలీ లండన్ వెళ్లింది. స్టాక్, ఏట్కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు అప్పట్లో లండన్‌లో వరసపెట్టి హిట్లు తయారు చేస్తున్నారు. వాళ్లతో ఒక పాట చేయాలని ప్రయాణం. వెళ్లి రోజుల తరబడి ఎదురుచూసింది. పిలుపు లేదు. అటు మెల్‌బోర్న్‌లో సీరియల్ షూటింగ్ ఆగదు, తిరుగు విమానం టికెట్టు చేతిలో ఉంది. ఆఖరి రోజు స్టూడియోకి వెళ్తే, ఆ అమ్మాయి వస్తుందన్న సంగతే వాళ్లకు గుర్తు లేదు. పాట లేదు, ట్యూన్ లేదు.

ఆమెను బయట కూర్చోబెట్టి మైక్ స్టాక్ లోపల ఆలోచనలో పడ్డాడు. వయసుంది, అందం ఉంది, సొంత దేశంలో పెద్ద స్టార్. ఇన్ని ఉన్న అమ్మాయికి లేనిదేమిటై ఉంటుంది? ప్రేమ కలిసి రాకపోవడమే అయ్యుంటుంది అనుకున్నాడు. అలా పుట్టింది ఆ పాట, ప్రేమలో అదృష్టం లేని అమ్మాయి పాట. నలభై నిమిషాల్లో రాశారు. ఆమెను లోపలికి పిలిచి ఒక్కో లైను చెప్పి పాడించుకున్నారు. ఆమె పాడేసి విమానం ఎక్కేసింది.

అందరూ దీన్ని అదృష్టం కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో సీరియల్ నటి కనపడుతుంది. పొద్దున చేతికొచ్చిన డైలాగు మధ్యాహ్నం కెమెరా ముందు నిజమనిపించేలా చెప్పడం ఆమెకు రోజువారీ పని. వారానికి రెండున్నర గంటల ప్రసారం తీసే చోట రిహార్సల్ అడిగే తీరిక ఎవరికుంటుంది? ఆ అలవాటున్న మనిషి కాబట్టే, అంతకుముందు వినని పాటను లైను తర్వాత లైను అందుకుని, తనకే జరిగినట్టు నవ్వుతూ పాడగలిగింది. ఇంకెవరైనా అయితే అంత నిర్లక్ష్యానికి అలిగి వెళ్లిపోయేవాళ్లు.

పాట బ్రిటన్‌లో ఐదు వారాలు నంబర్ వన్. తర్వాతి పాటల కోసం మైక్ స్టాక్ తనే మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు.

సీరియల్ పేరు వల్లే పాటలు ఆడాయా? సీరియల్ లేకపోతే ఆమె లేదా?

తలుపు తెరిచింది సీరియలే. అందులో దాచడానికేం లేదు. బ్రిటన్‌లో బీబీసీ 1986 అక్టోబరు నుంచి ‘నైబర్స్’ వేస్తోంది. మొదట పగటి పూట వచ్చేది, బడికెళ్లే పిల్లలకు చూసే వీలుండేది కాదు. 1988 జనవరిలో రెండో ప్రసారాన్ని సాయంత్రం 5.35కి మార్చారు. పిల్లలు బడి నుంచి ఇంటికొచ్చి, పాలో టీయో తాగుతూ టీవీ ముందు కూర్చునే టైం అది. సరిగ్గా ఆ రోజుల్లోనే కైలీ పాట షాపుల్లోకి వచ్చింది. ఫిబ్రవరిలో నంబర్ వన్. సాయంత్రం చార్లీన్‌ను చూడటం, శనివారం వెళ్లి చార్లీన్ పాట కొనుక్కోవడం.

అయితే తలుపు తెరుచుకోవడం వేరు, లోపల ముప్పై ఏళ్లకు పైగా నిలబడటం వేరు. ఆమె 1988లోనే సీరియల్ వదిలేసింది. ఆ తర్వాత కూడా బ్రిటన్‌లో ఆమె మొదటి పదమూడు సింగిళ్లూ వరసగా టాప్ టెన్‌లోకి వెళ్లాయి. జేసన్‌తో కలిసి పాడిన ‘ఎస్పెషల్లీ ఫర్ యూ’ 1989 జనవరిలో నంబర్ వన్. జేసన్‌కూ అదే సీరియల్ ఉంది, అదే కంపెనీ ఉంది, ఆ రెండేళ్లలో హిట్లూ వచ్చాయి. కానీ కైలీ వెళ్లినంత దూరం వెళ్లలేదు. సీరియలే కారణమైతే ఇద్దరూ ఒకే చోటికి చేరాలి కదా.

నటి కదా, నిజంగా తనే పాడుతుందా? వెనక ఎవరైనా పాడతారా?

ఈ ప్రశ్న మనవాళ్లే అడుగుతారు. ప్లేబ్యాక్ అలవాటున్న మనకు పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది. భానుమతి గారిలా తన పాట తనే పాడుకున్న నటీమణులు మనకు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

కైలీ తనే పాడుతుంది. పల్చని, తేలికైన గొంతు. భారీగా సాగదీసి ఒళ్లు జలదరించేలా చేసే రకం కాదు. మాట స్పష్టంగా ఉంటుంది, నవ్వు వినపడుతుంది, పాటలో ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. పాటను పాత్రలా పట్టుకోవడమే ఆమె బలం అని నా నమ్మకం. మెకానిక్ పిల్ల నుంచి వచ్చిన ఆస్తి అది.

మొదట్లో విమర్శకులు అంత చిన్నచూపు ఎందుకు చూశారు?

‘పాడే చిలక’ అని పత్రికలు పేరు పెట్టాయి. చెప్పింది పలుకుతుంది తప్ప సొంతంగా ఏమీ లేదని ఆ మాటకు అర్థం. పాటలు వేరేవాళ్లు రాయడం, సంగీతం మిషన్లతో చేయడం, వినేవాళ్లలో పిల్లలు ఎక్కువ ఉండటం, అన్నిటికీ మించి ‘సీరియల్ పిల్ల’ అన్న ముద్ర. మన దగ్గర ‘కార్తీక దీపం’ ప్రేమీ విశ్వనాథ్‌ను ఇప్పటికీ వంటలక్క అనే కదా పిలుస్తాం. మనం ప్రేమతో పిలుస్తాం. ఆమెను వెక్కిరింపుగా పిలిచారు. ఇరవై ఏళ్ల అమ్మాయి రోజూ పేపర్లో అది చదువుకోవడం ఎంత బాధ!

ఆ ముద్ర ఎప్పుడు పోయింది?

ఒక్కరోజులో పోలేదు. 1990లో ‘బెటర్ ద డెవిల్ యూ నో’ నుంచే వేషం, నడక మారడం మొదలైంది. 1992లో పాత నిర్మాతలతో ఒప్పందం ముగిశాక డీకన్‌స్ట్రక్షన్ అనే చిన్న డాన్సు పాటల రికార్డు కంపెనీకి వెళ్లింది. 1994లో అక్కడి నుంచి వచ్చిన ‘కన్ఫైడ్ ఇన్ మీ’ వింటే, ఇది అదే గొంతేనా అనిపిస్తుంది. తీగవాద్యాలతో నెమ్మదిగా పాకే పాట. ఎదురుగా కూర్చుని, నీ గుట్టు నాకు చెప్పు అని బతిమాలుతూనే బెదిరిస్తున్నట్టుంటుంది. ఆమె పాటలన్నిటిలో నాకు ఇదే గొప్పది.

తర్వాతి ఏడాది ఆస్ట్రేలియాకే చెందిన నిక్ కేవ్ వచ్చాడు. చావు, పాపం, రక్తం గురించి పాడే గంభీరమైన రాక్ గాయకుడు. ఆయన చాలాకాలంగా కైలీతో పాడాలనుకుంటూ, ఆమెను మనసులో పెట్టుకుని ఒక పాట రాశాడు. అదే ‘వేర్ ద వైల్డ్ రోజెస్ గ్రో’. అందులో ఆమె ప్రియుడి చేతిలో చనిపోయే అమ్మాయి. ఇద్దరూ వంతులవారీగా కథ చెబుతారు. ఇక్కడ ఆమె నటన ఎంత పనికొచ్చిందో వింటే తెలుస్తుంది. ఆ అమ్మాయికి తన గతి ఏమవుతుందో తెలియదు, తెలియనట్టే పాడుతుంది.

1996లో ఆ నిక్ కేవే ఆమెను ఇంకో పనికి ఒప్పించాడు. లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో కవులు కవితలు చదివే కార్యక్రమం. కైలీ వేదికెక్కి, సంగీతం లేకుండా, ‘ఐ షుడ్ బీ సో లక్కీ’ సాహిత్యాన్ని కవితలా చదివింది. ఏ పాట పట్టుకుని ఏడిపించారో ఆ పాటనే చేతిలో కాగితంగా పట్టుకుని నిలబడింది. నన్నడిగితే ముద్ర చెరిగింది ఆ రాత్రే.

డబ్బు పరంగా మాత్రం అవి మంచి రోజులు కావు. తను స్వయంగా పాటలు రాసి చేసిన ‘ఇంపాజిబుల్ ప్రిన్సెస్’ విడుదలకు ముందు, 1997 ఆగస్టులో యువరాణి డయానా చనిపోయింది. ఆ పేరుతో ఆల్బమ్ వేయలేక బ్రిటన్‌లో విడుదల వాయిదా వేశారు, పేరూ తీసేశారు. అక్కడ సరిగ్గా ఆడలేదు. ఆస్ట్రేలియాలో మాత్రం ఆదరించారు. ఇప్పుడు వినేవాళ్లకు అది ముద్దుబిడ్డ.

బంగారు రంగు నిక్కరు కథేంటి?

2000లో ‘స్పిన్నింగ్ అరౌండ్’ వీడియోలో వేసుకుంది. పాత బట్టల మార్కెట్లో 50 పెన్నీలకు కొన్నది. ఆ పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, పదేళ్ల తర్వాత ఆమెకు మొదటిది. ఆ నిక్కరు ఇప్పుడు మెల్‌బోర్న్ ఆర్ట్స్ సెంటర్ వాళ్ల దగ్గర భద్రంగా ఉంది. దాన్ని ముట్టుకునేవాళ్లు చేతులకు గ్లౌజులు వేసుకోవాల్సిందే.

‘లా లా లా’ పాట ఆమెదేనా?

ఆమెదే. ‘కాన్ట్ గెట్ యూ అవుట్ ఆఫ్ మై హెడ్’, 2001. క్యాథీ డెన్నిస్, రాబ్ డేవిస్ రాశారు. ముందు వేరేవాళ్లకు వినిపిస్తే వద్దన్నారు. కైలీ కొన్ని సెకన్లు విని చాలు, ఇది నాది అంది. బ్రిటన్‌లో నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికాలో ఏడో స్థానం. మాట లేని చోట లా లా అంటే చాలు కాబట్టి భాష రానివాళ్లకు కూడా నోటికొచ్చేస్తుంది. 2004లో ఆమెకు మొదటి గ్రామీ వచ్చింది మాత్రం అదే ఆల్బమ్‌లోని ‘కమ్ ఇంటు మై వరల్డ్’కు.

మన సినిమాలో పాడిందా?

తెలుగులో లేదు. హిందీలో ఒకటి ఉంది. 2009 దీపావళికి వచ్చిన ‘బ్లూ’లో ‘చిగ్గీ విగ్గీ’. సంగీతం ఏ.ఆర్.రహ్మాన్. కైలీ ఇంగ్లిష్‌లో మొదలుపెడుతుంది, తర్వాత సోనూ నిగమ్ భాంగ్రా ఊపుతో అందుకుంటాడు. తెరమీద అక్షయ్ కుమార్‌తో కలిసి ఆమే ఆడింది.

నేను ఆమె గొంతు మొదట విన్నది ఆ పాటలోనే. హాస్టల్లో పక్క రూమువాడి కంప్యూటర్లో. ఈ ఇంగ్లిష్ గొంతు ఎవరిదిరా అని అడిగితే వాడికీ తెలియదు. వెతుక్కుంటూ వెళ్తే ఇరవై రెండేళ్ల పాటలు నా ముందు కుప్పగా పడ్డాయి. రహ్మాన్ గారి పాటల్లో దాన్ని గొప్పది అనలేను, సినిమా కూడా ఆడలేదు. కానీ నన్ను ఆమె దాకా తీసుకెళ్లింది కాబట్టి నాకు ఇష్టం.

క్యాన్సర్ వచ్చిందని విన్నాం. నిజమేనా?

నిజం. 2005 మేలో, 36 ఏళ్లకు, రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అప్పుడు ఆమె పెద్ద టూర్ మధ్యలో ఉంది. ఆస్ట్రేలియా కచేరీలు ఆగిపోయాయి. ఆ వేసవిలో ఇంగ్లాండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో పాడాల్సింది, అదీ రద్దయింది. మెల్‌బోర్న్‌లో ఆపరేషన్, తర్వాత పారిస్‌లో కీమోథెరపీ. 2006 నవంబరులో సిడ్నీలో మళ్లీ వేదికెక్కింది.

ఆ వార్త చాలామంది ఆడవాళ్లలో కదలిక తెచ్చింది. ఆస్ట్రేలియాలో నాలుగు రాష్ట్రాల లెక్కలు చూసిన పరిశోధకులు, ఆమె వార్త వచ్చిన రెండు వారాల్లో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష) బుకింగులు 40 శాతం పెరిగాయని తేల్చారు. అంతకుముందు ఎప్పుడూ చేయించుకోనివాళ్లలో అయితే రెట్టింపు దాటింది. డాక్టర్లు దీనికి ‘కైలీ ఎఫెక్ట్’ అని పేరు పెట్టారు.

ఇంకో సంగతి కూడా ఆమే తర్వాత ఒక టీవీ కార్యక్రమంలో చెప్పింది. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఏమీ లేదని పంపించేశారట. అనుమానం పోకపోతే మళ్లీ చూపించుకోవాలని, మన ఒంటి సంగతి మనకు తెలుస్తుందని ఆమె చెప్పిన మాటల సారం. మన ఇళ్లలో అమ్మలు, పిన్నులు, అత్తలు గడ్డ తగిలినా సిగ్గుపడి నెలల తరబడి చెప్పరు. దయచేసి ఈ ముక్క ఒక్కటీ వాళ్లకు చదివి వినిపించండి. గడ్డ తగిలితే వయసుతో పని లేదు, డాక్టరుకు చూపించాలి.

రద్దయిన గ్లాస్టన్‌బరీకి ఆమె పద్నాలుగేళ్ల తర్వాత, 2019 జూన్ 30న వెళ్లింది. 2005లో రాలేకపోయానని వేదిక మీద చెబుతూ గొంతు పూడుకుపోయి ఏడ్చేసింది. వీడియోలో ఆ క్షణం చూస్తే జనం ఆమెకు మాట అందే వరకు అరుస్తూ నిలబడతారు. నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ నా కళ్లూ చెమ్మగిల్లుతాయి.

నటన పూర్తిగా మానేసిందా?

లేదు. 1989లోనే ‘ది డెలింక్వెంట్స్’ సినిమాలో హీరోయిన్. 2001లో ‘మూలాన్ రూజ్’లో ఆకుపచ్చ దేవకన్యగా కాసేపు మెరిసింది. 2012లో ‘హోలీ మోటార్స్’ అనే ఫ్రెంచ్ సినిమాలో ఆమె ఒంటరిగా పాడే దృశ్యం చాలా లోతుగా ఉంటుంది. టీవీలో పెద్దది 2007 క్రిస్మస్ రోజు ‘డాక్టర్ హూ’. అంతరిక్ష నౌకలో వెయిట్రెస్ పాత్ర, కోటీ ముప్పై లక్షల మంది చూశారు.

‘నైబర్స్’కు ముగింపు అనుకుని తీసిన ఎపిసోడ్ 2022 జులైలో వచ్చినప్పుడు కైలీ, జేసన్ మళ్లీ చార్లీన్, స్కాట్‌లుగా ఆ వీధికి వచ్చారు. డైలాగులు పెద్దగా లేవు. కారు దిగి నిలబడితేనే చాలింది.

పాటలు తనే రాస్తుందా?

మొదట రాసేది కాదు. 1990 నుంచి కొన్నిటిలో చెయ్యి వేసింది, 1997 నాటికి దాదాపు అన్నిటిలో ఉంది. 2018 నాటి ‘గోల్డెన్’ ఆల్బమ్‌లోనూ అంతే. కానీ వేరేవాళ్లు రాసిన మంచి పాట వస్తే కాదనదు.

నాకు బాగా నచ్చేది 2020 సంగతి. లాక్‌డౌన్‌లో స్టూడియోలు మూతపడితే, 52 ఏళ్ల వయసులో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. ఇంట్లో దుప్పట్లు వేలాడదీసి, మైకు పెట్టుకుని, తన గొంతు తనే రికార్డు చేసింది. ‘డిస్కో’ ఆల్బమ్‌లో ఇంజినీరుగా కూడా ఆమె పేరు ఉంటుంది. అది నంబర్ వన్ కావడంతో, 80ల నుంచి వరసగా ఐదు దశాబ్దాల్లో బ్రిటన్‌లో నంబర్ వన్ ఆల్బమ్ ఉన్న మొదటి గాయని అయింది.

‘నైబర్స్’ నుంచి పాటల్లోకి వెళ్లినవాళ్లు ఇంకెవరున్నారు?

జేసన్ డోనొవన్ కాకుండా నాటలీ ఇంబ్రూలియా, హోలీ వాలెన్స్, డెల్టా గుడ్రెమ్. నాటలీ పాడిన ‘టోర్న్’ మీరు తప్పకుండా వినే ఉంటారు.

‘పడమ్ పడమ్’ అంటే మన ‘పదం’ ఏనా?

కాదు. గుండె కొట్టుకునే చప్పుడు. మనకు లబ్ డబ్, వాళ్లకు పడమ్ పడమ్. తెలుగు చెవికి క్షేత్రయ్య పదం గుర్తొస్తే తప్పేం లేదు, నాకూ మొదట అదే వచ్చింది. 2023 మేలో వచ్చిన పాట ఇది. రీల్స్‌లో కుర్రాళ్లంతా దీనికే ఆడారు, వాళ్లలో చాలామందికి చార్లీన్ ఎవరో తెలియదు. 2024 గ్రామీల్లో పాప్ డాన్స్ రికార్డింగ్ అనే విభాగం కొత్తగా పెడితే, ఆ మొదటి అవార్డు దీనికే వచ్చింది. మొదటి గ్రామీకి, ఈ గ్రామీకి మధ్య ఇరవై ఏళ్లు.

ఈ పాట ఉన్న ఆల్బమ్ పేరు ‘టెన్షన్’. మనం రోజూ వాడే టెన్షనే.

రామ్సే స్ట్రీట్ నిజంగా ఉందా? చూడొచ్చా?

ఉంది, వేరే పేరుతో. మెల్‌బోర్న్ తూర్పు వైపు వెర్మాంట్ సౌత్‌లో పిన్ ఓక్ కోర్ట్ అనే వీధి. మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్లు బోలెడంత మంది ఉన్నారు, మా అక్కా వాళ్లూ అక్కడే. వెళ్లినప్పుడు పట్టుబట్టి చూపించమన్నాను. చివర మూసుకుపోయే చిన్న వంపు వీధి, ఇటుక ఇళ్లు, ముందు పచ్చిక, గేటు దగ్గర పోస్టు డబ్బాలు. ఒక ఇంటి ముందు ఎవరో పెద్దాయన పైపుతో మొక్కలకు నీళ్లు పెడుతున్నారు. మా బావ ‘దీనికోసమా గంట డ్రైవ్ చేయించావు’ అన్నాడు. నేను మాత్రం ఏ కిటికీలోంచి చార్లీన్ దూరిందా అని చూస్తూ నిలబడ్డాను. అవన్నీ జనం కాపురముండే ఇళ్లు. వెళ్తే గోల చేయకుండా, లోపలికి తొంగి చూడకుండా వచ్చేయండి.

కొత్తగా వినేవాళ్లు ఏ పాటతో మొదలుపెట్టాలి?

హుషారు కావాలంటే ‘కాన్ట్ గెట్ యూ అవుట్ ఆఫ్ మై హెడ్’. రాత్రి లైట్లు ఆపి వినడానికి ‘కన్ఫైడ్ ఇన్ మీ’. ఇంట్లో చిన్నపిల్లలుంటే ‘లోకోమోషన్’, వాళ్లు ఆపమన్నా ఆపరు. ఆ తర్వాత వరసగా రెండు వినండి, 1987 నాటి ‘ఐ షుడ్ బీ సో లక్కీ’, వెంటనే 2023 నాటి ‘పడమ్ పడమ్’. మధ్యలో 36 ఏళ్లున్నాయి. రెండోది విన్నాక మళ్లీ మొదటిదానికి వెళ్లి, స్టూడియో బయట కూర్చున్న ఆ 19 ఏళ్ల అమ్మాయి గొంతును ఇంకోసారి వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ నవ్వు బాగా వినపడుతుంది.